పొడి సంతకం

విమానంలో సీట్లు నూట ఎనభై. అమ్మిన టికెట్లు నూట ఎనభై మూడు. ఎవరో చేసిన పొరపాటు కాదిది, తెలిసి చేసే పనే. రోజూ నలుగురైదుగురు ఎలాగూ రారు, రానివాళ్ల సీట్లు ఖాళీగా ఎగరడం దేనికని ఆఫీసువాళ్లు ముందే కొన్ని ఎక్కువ అమ్ముకుంటారు. ఆ మంగళవారం మధ్యాహ్నం మాత్రం ఒక్కరూ మొహం చాటెయ్యలేదు. కొన్నవాళ్లంతా వచ్చి బోర్డింగ్ కార్డులు తీసేసుకున్నారు.

అలాంటి రోజుల కోసమే అక్కడ చిలకని పెట్టారు. చిలక అసలు పేరు ఆమె మెడలో వేలాడే కార్డు మీద ఉంది గానీ దాన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు. తొమ్మిదేళ్లుగా మైకులో ఆ గొంతు విని విని తోటివాళ్లు పెట్టుకున్న పేరు అది. ఆ గొంతుతో ఆలస్యమని చెప్పినా శుభవార్తలా ఉంటుంది.

"ప్రయాణికులకు ఒక చిన్న మనవి. ఈ రోజు మన విమానం కాస్త కిక్కిరిసి ఉంది. పెద్ద మనసు చేసుకుని తర్వాతి విమానంలో రాగలిగిన ముగ్గురు దయచేసి గేటు దగ్గరికి రండి."

మైకు పట్టుకునే ముందే ఆమె వరసలన్నీ ఒకసారి చూసుకుంది. చంటిపిల్లలున్నవాళ్లు పనికిరారు. మొగుడూ పెళ్లాలు విడిపోరు. చేతిలో ఒక్క బ్యాగుతో, చెవుల్లో పాటలు పెట్టుకుని, టైము చూసుకోకుండా కూర్చున్నవాళ్లు కావాలి. ఒక కాలేజీ అమ్మాయి లేచింది. మందుల కంపెనీ మనిషి ఒకతను ఫోనులో ఎవరినో అడిగి లేచాడు. మూడో మనిషి కోసం నాలుగుసార్లు అడిగినా ఎవరూ కదల్లేదు. పైగా టై కట్టుకున్న ఒకాయన వచ్చి బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"మీరు అమ్ముకున్నదానికి మేం దిగాలా? సిగ్గు లేదా మీకు?"

"మీరు కూర్చోండి సార్, మిమ్మల్ని ఎవరూ దిగమనలేదు," అంది చిలక నవ్వు చెదరకుండా. అమ్మింది తను కాదు, తిట్లు తినేది తను.

చేతిలో వాకీటాకీ గరగరలాడింది. అవతల మెత్తసారు. ఆయన సూపర్‌వైజరు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు కనక ఆ పేరు వచ్చింది. ఆయన గదిలో ఒక తెల్లబోర్డు ఉంది. దాని మీద రెండు గళ్లు. 'ఇష్టంతో దిగినవారు' ఒకటి, 'ఆపినవారు' ఒకటి. ఇష్టం లేకుండా ఆగిపోయినవాళ్లని లెక్కపెట్టే ఆ రెండో గడిలో ఏడు నెలలుగా ఒక పెద్ద సున్నా ఉంది. పై ఆఫీసు నుంచి ఎవరొచ్చినా ఆయన ముందు ఆ సున్నాని చూపించి తర్వాత కాఫీ పోయిస్తాడు.

"ఎంతవరకూ వచ్చింది తల్లీ?"

"ఇద్దరయ్యారు సార్. మూడోవాళ్లు దొరకడం లేదు."

"దొరకకపోవడమేంటి, నీ గొంతుండగా. ఆ సున్నా మాత్రం చెడగొట్టకు."

సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన రొప్పుకుంటూ గేటు దగ్గరికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. బోర్డింగ్ కార్డు మీద సీటు నంబరు ఉండాల్సిన చోట 'గేటు దగ్గర ఇస్తారు' అని ఉంది. చిలక ఆ కార్డు చూసింది, ఆయన్ని చూసింది, బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసింది.

"బాబాయిగారూ, మీ కోసమే చూస్తున్నాం. రండి."

వయసు మళ్లిన మగవాళ్లకి బాబాయిగారూ, ఆడవాళ్లకి పిన్నిగారూ. ఇది ఆమె సొంత పద్ధతి. వరస కలిపితే మనిషి మెత్తబడతాడని ఆమెకి అనుభవమే.

"ఏం కాగితమమ్మా ఇది? కళ్లద్దాలు సంచిలో ఉండిపోయాయి. ఆ సంచి కౌంటర్లో లాగేసుకున్నారు, లోపల చోటు లేదంటూ."

"మీ సీటు గురించే బాబాయిగారూ. ఇక్కడొక సంతకం పెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను."

ఆమె వేలు పెట్టి చూపించిన చోట ఆయన పెన్ను తీసి సంతకం చేశాడు. తీరుబడిగా, పేరు మొత్తం, చివర ఒక సుడి, కింద గీత, దాని కింద తారీఖు. అంత అందమైన సంతకం ఆ గేటు దగ్గర ఎవరూ పెట్టగా ఆమె చూడలేదు. కాగితం నకలు చింపి ఆయన చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున తొమ్మిదిన్నర విమానంలో మీకు సీటు ఖాయం బాబాయిగారూ."

"రేపా? సీటు కోసమని కదా సంతకం పెట్టించావు?"

"అవునండీ. సీటు వదులుకోవడం కోసం."

ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. వెనక తలుపు మూసేస్తున్నారు.

"రేపు ఏడింటికి మా చెల్లికి ఆపరేషనమ్మా. లోపలికి తీసుకెళ్లే ముందు నన్నొకసారి చూడాలంది. తొమ్మిదిన్నరకి బయల్దేరితే నేనెందుకు?"

"మీరు సంతకం పెట్టేశారు కదా బాబాయిగారూ," అంది చిలక. గొంతులో తేనె ఒక్క చుక్క తగ్గలేదు.

గంటన్నర తర్వాత ఆయన సంచి వెనక్కి వచ్చింది. పక్క గేటు దగ్గర పని చూసుకుంటూ ఆమె కంటి చివర నుంచి గమనిస్తూనే ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి పెట్టుకుని, కాగితం మీద వేలు ఆనించి ఒక్కో మాటా చదివాడు. 'నేను నా సీటును ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను.' మళ్లీ మొదటి నుంచి చదివాడు. తలెత్తి ఆమె వైపు చూశాడు గానీ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకి ఆమె దగ్గర జవాబులున్నాయి.

సాయంత్రం ఆరింటికి కౌంటర్లో ఫోను మోగింది. ఎవరో కుర్రాడి గొంతు. వాళ్ల మావయ్య ఆ విమానం ఎక్కాడో లేదో కనుక్కోవాలన్నాడు. పేరు చెప్పగానే ఎవరి గురించో చిలకకి తెలిసింది. తెలిసి కూడా తెర మీద ఉన్నదే చదివింది.

"ప్రయాణికుడు ఇష్టపూర్వకంగా సీటు వదులుకున్నారండీ."

"అంటే?"

"అంటే... ఆయనే కావాలని దిగిపోయారండీ."

కుర్రాడు సరేనండీ అని పెట్టేశాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిల్లలిద్దరూ కిటికీ పక్క కుర్చీ కోసం కొట్టుకుంటున్నారు. భర్త నడుం పట్టేసి డ్రైవింగు మానుకుని నాలుగు నెలలు. గోడకి ఆనుకుని కూర్చుని వాళ్లని అదిలిస్తున్నాడు, అదిలింపు ఎవరికీ ఎక్కడం లేదు. చిలక కూతురి తల నిమిరింది.

"తమ్ముడికి ఇచ్చెయ్యి బంగారం. నువ్వు పెద్ద మనసున్న దానివి కదా."

"ఆ గొంతు ఆఫీసులో పెట్టుకో అమ్మా," అంది కూతురు కంచంలోంచి తలెత్తకుండా.

అత్తగారు కిసుక్కున నవ్వింది. "ఆ గొంతుని పట్టుకోడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది, దీనికి అప్పుడే తెలిసిపోయింది."

చిలకకి ఒళ్లు మండింది. ఇద్దరినీ కసిరి, కుర్చీ తీసి పక్క గదిలో పడేసింది.

*

శుక్రవారం ఆమెకి బయట టికెట్ల కౌంటర్లో డ్యూటీ వేశారు. పదిన్నరకి క్యూలోంచి ఆ రెండు పెన్నుల జేబు ముందుకొచ్చింది. చిలక గుర్తుపట్టనట్టు మొహం పెట్టింది.

"ఎక్కడికండీ టికెట్టు?"

"టికెట్టు వద్దు. ఒక మాట తీసెయ్యాలి."

ఆయన నకలు కాగితాన్ని బల్ల మీద పరిచాడు. ముడత లేకుండా అరచేత్తో రెండుసార్లు రుద్దాడు. సంచిలోంచి ఒక చిన్న స్టీలు స్కేలు తీసి, ఆ మాట కింద ఆనించి, పక్కన పెన్ను పెట్టాడు.

"ఇదిగో, 'ఇష్టపూర్వకంగా'. దీని మీద ఒక గీత గియ్యి. పక్కన పొడి సంతకం పెట్టు. కింద 'ఒక మాట కొట్టివేయబడినది' అని రాయి. ఇంకేం అడగను."

"పొడి సంతకమేంటి?"

"పేరులో మొదటి అక్షరాలు. దస్తావేజులో ఒక మాట కొట్టేస్తే, అది ఎవరు కొట్టారో తెలియాలి కదా. రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని ముప్పై ఏళ్లుగా నేను చేసేది ఆ పనే. దస్తావేజు లేఖరిని."

చిలకకి నవ్వొచ్చింది, అంతలోనే కోపమూ వచ్చింది.

"ఊళ్లోవాళ్లందరికీ కాగితాలు రాసిపెట్టేవారు. మీరు చదవకుండా సంతకం పెడితే తప్పు నాదా?"

లేఖరి చెవులు ఎర్రబడ్డాయి.

"నాదే. వచ్చిన ప్రతివాడికీ చదువుకుని పెట్టవయ్యా అని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. నువ్వు బాబాయి అన్నావు. వరస కలిపింది కదా అని పెట్టాను. వరస కలిపి మరీ ముంచుతారని నాకు తెలియాలి, నా వృత్తే అది."

వెనక క్యూలో గొణుగుడు మొదలైంది. సూట్‌కేసు మీద కూర్చున్న ఒకావిడ, "మీ పంచాయితీలు ఇంట్లో పెట్టుకోండమ్మా," అంది.

"తర్వాతివాళ్లు రండి," అంది చిలక, కాగితాన్ని ఆయన వైపు తోసి. స్కేలు జారి కింద పడి ఖంగుమంది. వంగి తీసుకోవడానికి ఆయనకి మోకాలు సహకరించలేదు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరూ తీసివ్వలేదు, ఆమె కూడా తీసివ్వలేదు.

మధ్యాహ్నానికి మెత్తసారే దిగివచ్చాడు. లేఖరి భుజం మీద చెయ్యి వేసి, ఒక కవరు చేతికివ్వబోయాడు.

"ఏడాదిలో ఎప్పుడైనా, ఎక్కడికైనా వెళ్లి రావచ్చు పెద్దాయనా. మా తరఫున."

"వెళ్లాల్సిన చోటికి వెళ్లే వచ్చాను. నాకు మాట తీసెయ్యండి చాలు."

"అది రికార్డండీ. రికార్డుని మేం ముట్టుకోకూడదు," అన్నాడు మెత్తసారు జాలిగా నవ్వి. ఆ నవ్వు అలాగే ఉంచుకుని చిలక వైపు తిరిగి, చిన్న గొంతుతో, "దీన్ని ఇక్కడిదాకా తెచ్చుకున్నావేంటి తల్లీ?" అన్నాడు.

శనివారం లేఖరి మళ్లీ వచ్చాడు. ఈసారి క్యూలో నిలబడలేదు. కౌంటరుకి ఎదురుగా ఉన్న ఇనప కుర్చీలో కూర్చుని, నీళ్ల సీసా పక్కన పెట్టుకుని, ఒళ్లో కాగితం పెట్టుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడడు, ఎవరినీ ఆపడు. కానీ చిలక తలెత్తినప్పుడల్లా ఎదురుగా ఆ కళ్లద్దాలే. ఒక టికెట్టు మీద తారీఖు తప్పు కొట్టింది. ఇంకొకరి ఇంటిపేరులో అక్షరం మింగేసింది. టీ తాగే పదిహేను నిమిషాలు దొరకగానే టీ మానేసి నేరుగా ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"మీరిలా కూర్చుంటే నా ఉద్యోగం పోతుంది. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. మీకేం కావాలి అసలు, నా ఉసురు పోసుకుంటారా?"

"కూర్చోడానికే కదా కుర్చీలు వేశారు."

"ఆ ఒక్క మాట పోతే ఏమొస్తుంది మీకు? ఆపరేషన్ అయిపోయింది కదా."

"అయిపోయింది. బాగానే అయింది." లేఖరి కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "మా నాన్న షాపు నా ఒక్కడి పేరు మీదికి రావాలని మా చెల్లి చేత తన వాటా వదులుకుంటున్నట్టు విడుదల పత్రం మీద సంతకం పెట్టించాను. నేనే రాశాను. 'నా పూర్తి ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా' అని. మా చెల్లి చదవలేదు. అన్నయ్య రాశాడు కదా, చదివేదేముందని పెట్టేసింది. సంగతి తెలిశాక ఆరేళ్లు నాతో మాట్లాడలేదు. మొన్న ఆపరేషనని తనే ఫోన్ చేసి రమ్మంది."

చిలక గడియారం చూసుకుంది.

"మీవాళ్లెవరో మా మేనల్లుడికి ఫోనులో చెప్పారట, నేను కావాలని దిగిపోయానని. గురువారం వార్డులోకి మార్చాక వెళ్తే మంచం మీంచే అంది. 'ఇష్టపూర్వకంగా దిగావట కదా అన్నయ్యా. నేనూ అలాగే సంతకం పెట్టాన్లే.' అని అటు తిరిగి పడుకుంది."

ఫోనులో చెప్పింది తనేనని చిలక చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక, ఆ పిరికితనం ఎక్కడ బయటపడుతుందోనని గొంతు పెంచింది.

"అయితే మీకు తగిన శాస్తే జరిగింది. చెల్లెల్ని ముంచినవాడు నా దగ్గరికొచ్చి న్యాయం అడుగుతున్నాడు."

"జరిగింది, కాదనను," అన్నాడు లేఖరి. ఆయన గొంతు కూడా గట్టిపడింది. "ఆ కాగితంలో అబద్ధం రాసింది నేను. దానికి నేను పడతాను. ఈ కాగితంలో రాయించింది నువ్వు. నీది నువ్వు దిద్దు. పైవాళ్లకి ఉత్తరం కూడా రాశాను, నీ గేటు నంబరు వేసి."

"రాసుకోండి," అని ఆమె విసురుగా వచ్చేసింది. కోపం ఆయన మీదేనని తనకి తాను గట్టిగా చెప్పుకుంది.

*

సోమవారం పదకొండింటికి మెత్తసారు పిలిపించాడు. కుర్చీ చూపించాడు, గ్లాసుతో నీళ్లు పెట్టించాడు. ఆ గదిలో ఆమెకి కుర్చీ వెయ్యడం అదే మొదటిసారి. ఆయన వెనక బోర్డు మీద సున్నా నిండుగా ఉంది.

"పైనుంచి అడుగుతున్నారు తల్లీ. ఆ ముసలాయన నాలుగు పేజీలు రాశాడు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఏదో ఒకటి చేశామని మనం చెప్పాలి కదా."

"నేను చేసింది మీకు తెలుసు కదా సార్. సున్నా చెడగొట్టకు అన్నారు."

"సున్నా చెడగొట్టకు అన్నాను గానీ, చదవకుండా సంతకం పెట్టించమన్నానా?" ఆయన ఎంతో ప్రేమగా అన్నాడు. "ఆ మాట వదిలెయ్. నువ్వే మానేశావనుకో, ఫైలు మూసేస్తారు. మూడు నెలలు ఇంట్లో ఉండు, మీ ఆయన్ని చూసుకో. తర్వాత మళ్లీ తీసుకుంటాను, నా మాట మీద నమ్మకం ఉంచు."

కాగితం ముందే టైపు చేసి ఉంది. ఆయన దాన్ని ఆమె వైపు తిప్పి, వేలు పెట్టి చోటు చూపించాడు.

"ఇక్కడొక సంతకం పెట్టు తల్లీ. మిగతాది నేను చూసుకుంటాను."

పెన్ను దాకా వెళ్లిన ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ రెండు మాటలూ ఆమెవే. కాదు, చేరిన కొత్తలో ఈ గదిలోనే, ఇదే గొంతుతో ఆయన నేర్పినవి. బాబాయిగారూ అన్నది మాత్రమే ఆమె తన వంతుగా కలుపుకుంది. ఆయన తల్లీ అన్నప్పుడల్లా ఇన్నేళ్లూ ఆమెకి సంతోషంగానే ఉండేది.

ఆమె కాగితం మీద వేలు ఆనించి చదివింది. 'వ్యక్తిగత కారణాల వల్ల నేను నా ఉద్యోగాన్ని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను.' మళ్లీ మొదటి నుంచి చదివింది.

"చదవడానికేముంది అందులో, ఒక్క ముక్కే కదా," అన్నాడు మెత్తసారు.

"పది నిమిషాల్లో తెస్తాను సార్," అని కాగితం పట్టుకుని ఆమె మెట్లు దిగింది.

లేఖరి ఆ ఇనప కుర్చీలోనే ఉన్నాడు. ఆమె రావడం చూసి పోట్లాటకి సిద్ధమైనట్టు నిటారుగా కూర్చున్నాడు. ఆమె కాగితం ఆయన ఒళ్లో పెట్టింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు, ఆమె మొహంలోకి చూశాడు, మళ్లీ కాగితంలోకి చూశాడు.

"నేను రాసిన ఉత్తరం వల్లేనా?"

"మీ ఉత్తరం వల్లా, నా సంతకాల వల్లా. సారు సున్నా వల్లా." ఆమె పక్క కుర్చీలో కూలబడింది. "మీ మేనల్లుడికి ఫోనులో చెప్పింది నేనే. ఎవరి గురించో తెలిసే చెప్పాను."

లేఖరి అరుస్తాడనుకుంది. ఆయన సంచి తెరిచి స్కేలు బయటికి తీశాడు.

"దీన్ని నేను కొట్టకూడదు. రాసిచ్చేవాళ్లే కొట్టాలి. మాట నడుమ నుంచి గీత పోవాలి. కింద ఏముందో చదవడానికి కనపడుతూనే ఉండాలి. గీకెయ్యకూడదు, గీకితే దొంగపని అవుతుంది."

"ముందు మీది ఇవ్వండి," అంది చిలక.

ఆయన నకలు తీసి ఇచ్చాడు. ఆమె రెండు కాగితాలూ ఒళ్లో పక్కపక్కన పెట్టుకుంది. స్కేలు ఆనించి మొదట ఆయన కాగితంలో గీత గీసింది. స్కేలు ఉండబట్టి గీత తిన్నగా వచ్చింది. పక్కన రెండక్షరాలు వేసింది. అడుగున 'పై వాక్యంలో ఒక మాట కొట్టివేయబడినది' అని రాసి, మళ్లీ రెండక్షరాలు వేసింది. తర్వాత తన కాగితం మీదికి స్కేలు జరిపి, అక్కడా ఆ మాట కొట్టి, అడుగున సంతకం పెట్టింది.

లేఖరి తన కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూశాడు. తారీఖు వెయ్యమన్నాడు. వేసింది.

"ఈ నకలుతో మీ రికార్డు మారదని నాకు తెలుసు," అన్నాడు. "నీకు థాంక్స్ కూడా చెప్పను."

"చెప్పొద్దు."

"మా చెల్లికి చూపిస్తాను. నమ్ముతుందో లేదో తెలియదు గానీ చదువుతుంది. చదవకుండా ఉండే అలవాటు దానికి నేనే పోగొట్టాను." కాగితం మడిచి రెండు పెన్నుల వెనక పెట్టుకున్నాడు. స్కేలు సంచిలో వెయ్యబోయి ఆగి, చేతిలోనే పట్టుకున్నాడు. "దీన్నీ తీసుకెళ్తాను. ఆ విడుదల పత్రంలో మాట కొట్టాల్సింది మా చెల్లే కదా. కొడతానంటే నేను అడ్డం రాను."

ఆ మాట అనడానికి ఆయనకి చాలా కష్టమైందని చిలకకి తెలిసింది. ఏదో ఒకటి అనాలనుకుంది, బాబాయిగారూ అని నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసి, "జాగ్రత్తగా వెళ్లండి సార్," అంది.

మెత్తసారు ఎవరితోనో ఫోనులో నవ్వుతున్నాడు. ఆమె కాగితం పెట్టగానే సంతకం ఉన్న చోటు చూసి సంతోషించి, ఫోను పెట్టేశాక పైనుంచి చదివాడు.

"ఇదేంటి తల్లీ, గీత?"

"ఒక మాట కొట్టివేత సార్. కింద రాశాను. పొడి సంతకం కూడా పెట్టాను."

"ఇలా ఉంటే పైకి ఎలా పంపను?"

"మీ ఇష్టం సార్. లేదంటే తీసేస్తున్నామని మీరే రాసివ్వండి. ఎందుకు తీసేస్తున్నారో కూడా రాయండి. చదువుకుని తీసుకెళ్తాను."

"ఇంకో కాగితం కొట్టిస్తాను. దాని మీద పెట్టు."

"అందులో ఆ మాటుంటే అదీ కొట్టేస్తాను."

మెత్తసారు నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టు. ఉన్నట్టుండి కాగితాన్ని ఉండచుట్టి బల్లకేసి కొట్టాడు.

"బయటికి నడు!"

ఆ కేక వరండా దాకా వినపడింది. పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. ఇద్దరు గుమ్మంలోంచి తొంగిచూశారు, ఆ గొంతు ఎవరిదో తెలియక.

చిలక గుమ్మం వైపు నడవలేదు. ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చాడు. రేపు ఈ టైముకి తను ఎక్కడుంటుందో ఆమెకి తెలియదు. బల్ల చుట్టూ తిరిగి బోర్డు దగ్గరికెళ్లి 'ఆపినవారు' అన్న గడిలో సున్నాని బొటనవేలితో తుడిచింది. ఏడు నెలలుగా ఎండి ఉంది, ఒక పట్టాన పోలేదు. చీర కొంగుతో ఇంకాస్త నొక్కి తుడిచి, అక్కడున్న పెన్ను తీసుకుని ఒకటి అంకె వేసింది. పక్కన రెండక్షరాలు వేసి, పెన్నుకి మూత పెట్టింది.